రామభద్రరావు గారి గోబర్ గ్యాస్

పశువుల సంగతి తెలిసిన మనిషెవరో, తెలియని మనిషెవరో అనసూయమ్మ చూడగానే పసిగట్టేస్తుంది. రామభద్రరావు విషయంలో ఆ మాత్రం శ్రమ కూడా పడనక్కర్లేకపోయింది. లాలాగూడలోని ఆమె బర్రెల తబేలా గేటు దగ్గరే ఆగిపోయి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "రోజూ వంద కిలోల పేడ కావాలి. శుభ్రంగా ఉండాలి" అన్నాడాయన.

"పెండ శుభ్రంగ ఉండుడేంది సారూ? కడిగి పంపాల్నా?"

ఆయన నవ్వలేదు. రిటైరైన ఇంజినీరు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కాలనీ సంఘానికి అధ్యక్షుడు. కమ్యూనిటీ హాలు వెనక గ్యాస్ ప్లాంటు కట్టించాడు. పేడలోంచి గ్యాస్ ఎలా పుడుతుందో కాగితం మీద బొమ్మ గీసి అరగంట చెప్పాడు. ఆలేరు దగ్గర అత్తగారింట్లో పదకొండేళ్లు గోబర్ గ్యాస్ మీదే వండిన అనసూయమ్మ, బర్రె చెవిలో గోమారి పురుగులు పీకుతూ విన్నది. నీకు తెలుసా అని ఆయన అడగలేదు. అడగని మనిషికి చెప్పుడెందుకని ఆమె చెప్పలేదు.

ట్రాలీ ఆటోలో పెండతో పాటు ఆమే వెళ్లేది. అక్కడ జరిగేది చూస్తే కడుపు మండేది. మోండా మార్కెట్ నుంచి వచ్చిన క్యాబేజీ ఆకులు, కుళ్లిన టమాటాలు బస్తాలకు బస్తాలు తొట్టిలో గుమ్మరించేవారు. వరిగడ్డి మోపులు మోపులుగానే తోసేవారు.

"గడ్డి సన్నగ కోసి, పెండనీళ్లల్ల నానబెట్టి ఎయ్యాలె సారూ. గిట్ల ఏస్తే పైకి తేలి అట్ట కడ్తది."

"నువ్వు పేడ దింపి వెళ్లమ్మా. ఎంత ఎక్కువ వేస్తే అంత ఎక్కువ గ్యాస్. ఆ లెక్క నేను చూసుకుంటాను."

కడుపు నిండితే బర్రె సుత మూతి తిప్పుకుంటది, ఈయనకు గంత తెలివి సుత లేదు అనుకుందామె. పక్కకు తిరిగి ఉమ్మేసింది.

నెల తిరిగింది. గ్యాస్ బెలూన్ ఉబ్బింది కానీ పొయ్యి అంటుకోలేదు. అగ్గిపుల్ల దగ్గరికి తీసుకెళ్తే ఆరిపోయేది. పుల్లటి కంపు వీధి చివరిదాకా కొట్టింది. రామభద్రరావు ఫోన్ చేశాడు.

"నీ పేడలో ఏదో కల్తీ ఉంది. మట్టి కలుపుతున్నావా?"

ముప్పై ఏళ్లుగా పాలు పోస్తోంది. నీళ్లు కలిపావని ఒక్కరూ అనలేదు. పాలనే ఎవ్వరూ ఒక్క మాట అనలేదు, వీడెవడో పెండను అన్నాడు! ఆ మాటేదో ముఖం మీదే తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే బయల్దేరింది.

వెళ్లేసరికి షామియానా, కుర్చీలు, పూలదండలు. ఆ రోజే ప్రారంభోత్సవం. ముఖ్య అతిథి పక్కన నిలబడి రామభద్రరావు పొయ్యి వెలిగించాడు. నీలి మంట భగ్గుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. నిన్న అంటుకోని పొయ్యి ఇవ్వాళ ఎట్లంటుకుంది? అనసూయమ్మ గొట్టం వెంబడి గోడ వెనక్కి నడిచింది. గోనెసంచి కింద ఎర్రటి సిలిండర్ ఉంది. వంగి, దాని నాబ్ తిప్పి కట్టేసింది.

అవతల మంట ఆరింది. రామభద్రరావు పరిగెత్తుకొచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"తిప్పండి, అనసూయమ్మ గారూ, దయచేసి తిప్పండి. అందరూ చూస్తున్నారు" అన్నాడు గొంతు తగ్గించి.

'గారు' అనడం ఇప్పుడు గుర్తొచ్చింది ఈయనకు! ఆమె తలెత్తి, గోడకు అవతలున్న వాళ్లందరికీ వినిపించేలా అరిచింది: "పరేషాన్ కాకుండ్రి! సిలిండర్ బంద్ చేసిన, గంతే!"

ముందుగా వచ్చింది ఆయన భార్య రాజ్యం. సిలిండర్‌ని చూసింది. మొగుణ్ని చూసింది. అనసూయమ్మ వైపు తిరిగింది.

"ఇది బాగుపడుతుందా అండీ?"

"పడ్తదమ్మా. దాని కడుపు పులిసింది. పది దినాలు ఏం ఎయ్యకున్రి. జెర సున్నపు నీళ్లు పొయ్యున్రి. తర్వాత తాజా పెండ పల్చగ కలిపి, కొంచెం కొంచెం. అట్ట కట్టిన గడ్డి తీసెయ్యాలె. ఆకులు ఇప్పట్ల వద్దే వద్దు."

రామభద్రరావు నోరు తెరిచాడు. "నువ్వూరుకో" అంది రాజ్యం.

ఇరవై ఆరో రోజున మంట వచ్చింది. చిన్నదే, కానీ దానంతటది నిలబడి వెలిగింది. రాజ్యం దాని మీదే టీ పెట్టి అనసూయమ్మకు ఇచ్చింది.

రామభద్రరావు కాగితం, పెన్నూ పట్టుకొచ్చాడు. "మీ పేడ గురించి అలా అని ఉండకూడదు. పొరపాటైంది" అని, వెంటనే, "నీళ్లు ఏ నిష్పత్తిలో కలిపారు?" అన్నాడు.

"చెయ్యి పెట్టి కలుపుతె తెలుస్తది సారూ."

ఆయన చుట్టూ చూశాడు. భార్య చూస్తోంది. చొక్కా చెయ్యి మడిచి, కళ్లు మూసుకుని, తొట్టిలోని పేడలో మణికట్టు దాకా చెయ్యి ముంచాడు. చిన్నపిల్లలు బురదలో ఆడినట్టు అటూ ఇటూ కెలికాడు.

అనసూయమ్మ కాసేపు చూసింది. ఇంత చదివిన మనిషికి పెండ కలపడం సుత రాదు! కప్పు గోడ మీద పెట్టి, "ఉండలు ఉండలుగనే ఉంది, ఇంకా కలుపుండ్రి" అని ట్రాలీ ఎక్కింది.