రేకుల గొడుగు

రాజనర్సయ్య మేడ మీద కిరాయికిచ్చిన రేకుల గదుల్లో మనుషులు ఉడికిపోతున్నారు. చిలకమ్మ మనవరాలు ఏడుపు కూడా మానేసింది. నెలల పిల్ల, పాలు తాగడం లేదు, ఒళ్ళు కాలిపోతోంది. చిలకమ్మ పంజాగుట్ట ఆసుపత్రిలో ఆయా. వడదెబ్బ, చల్లటి చోట ఉంచమన్నాడు అక్కడి డాక్టరు. చల్లటి చోటట! ఎక్కడి నుంచి తెస్తుంది?

రేకుల మీద తడి గోనెసంచులు పరిస్తే ఓనరు తీయించేశాడు, మేడ అందం పోతుందని. సున్నం పూస్తామన్నా వద్దన్నాడు. ఇంకోసారి బతిమాలుదామని చిలకమ్మ కిందికి వెళ్ళింది.

కరెంటు లేదు. అయినా ఓనరు హాల్లో బండలు పాదాలకు చల్లగా తగిలాయి. ఓనరు భార్య రత్నమాల మంచిదే, నోరే ఆగదు.

"పైన రూములు ఏసినంక మా స్లాబు కాలుతలేదు చిలకమ్మా. ఇంతకుముందు గీ హాల్ల కూసునేటట్టే లేకుండె."

చిలకమ్మ తలెత్తి చూసింది. ఆ కప్పు మీదే తన చాప, ఆ చాప మీద పిల్ల. వచ్చిన పని అడక్కుండానే పైకెక్కి అందరినీ పిలిచింది.

"మనం కిరాయిదార్లం కాదు, ఆళ్ళ స్లాబుకు గొడుగులం! ఎండంత మనం మింగితె ఆళ్ళకు సల్లగుంటున్నది."

"లొల్లి చేస్తే ఖాళీ చెయ్యమంటడక్కా," అన్నాడు ఆటో నడిపే ఓదెలు. "యాడికి పోతం?"

"యాడికి పోయినా గీ రేకులే గద!"

కోచింగుకు వచ్చిన కోనసీమ కుర్రాడు తారక్ లేచాడు.

"నిన్న నేనూ కళ్ళు తిరిగి పడ్డాను పిన్నిగారూ. పదండి, కింద హాల్లోకే వెళ్దాం."

పిల్లను ఎత్తుకుని చిలకమ్మ కూతురు రవళి ముందు నడిచింది. వెనకాల గదులన్నీ కదిలాయి. చివరికి ఓదెలు కూడా చాప చంకన పెట్టుకున్నాడు. అందరూ వెళ్ళి హాల్లో కూర్చున్నారు.

"నా ఇంట్లకెట్ల జొచ్చిన్రు? లెవ్వుండ్రి!" రాజనర్సయ్య అరిచాడు.

"సున్నం పుయ్యనియ్యి, సంచులు పరవనియ్యి సారూ," అంది చిలకమ్మ. "గప్పటిదాంక పొల్ల గీడనే ఉంటది."

అతను పోలీసులను పిలిచాడు. వాళ్ళు చిలకమ్మను, ఓదెలును ఈడ్చుకెళ్ళి వ్యాను ఎక్కించారు. రవళిని లేపబోతే ఆడవాళ్ళు చుట్టూ చేరి చేతులు కలిపారు.

వ్యాను రేకు కూడా కాలుతోంది. చిలకమ్మ ఊచలు పట్టుకుని గొంతు చించుకుంది.

"రవళీ, లెవ్వకు బిడ్డా!"

"పాలు తాగుతున్నదే అమ్మా!" హాల్లో నుంచి కేక వినిపించింది.

చిలకమ్మ భోరుమంది. ఆ కేకలకు సందు పొడుగునా మేడల మీది రేకుల గదుల తలుపులు తెరుచుకున్నాయి. చాపలు చుట్టుకుని, పిల్లలను చంకన వేసుకుని జనం మెట్లు దిగారు. ఎవరి మేడలో వాళ్ళు ఓనరు తలుపు కొట్టారు.