వీడ్కోలు సభలో రాని మాట

అద్దకం షెడ్డులో ఎవరికి వీడ్కోలు సభ జరిగినా స్టోర్ కీపరే మాట్లాడాలి. ఆయన నోరు విప్పితే మాటలు అంబారీలెక్కి వస్తాయని పేరు. ఈసారి పని మానుకుంటున్నది ఆయన వియ్యంకుడే.

కిందటేడు ఒక గుడ్డ తాను మచ్చలు పడి పాడైంది. దాన్ని ముక్కలు చేసి, చేతులు తుడుచుకోవడానికి ప్రతి తొట్టి దగ్గరా వేలాడదీశారు. రంగు వేసిన వియ్యంకుడికి ‘మచ్చల మామ’ అన్న పేరు ఖాయమైంది. రంగు సరిగ్గానే కలిపాడనీ, స్టోర్ నుంచి వచ్చిన అరిగిన వాల్వు కారడం వల్లే తాను చెడిందనీ షెడ్డులో ఆ వియ్యంకులిద్దరికే తెలుసు.

“బావగారూ, పదిమందిలో ఆ ఒక్క మాట అనండి చాలు. రేపు మన మనవణ్ణి మచ్చల తాత మనవడనకూడదు కదా,” అన్నాడు వియ్యంకుడు.

“ఆ మాత్రం చెప్పనా!”

సభలో ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఓ వర్ణసామ్రాజ్య సార్వభౌమా! నీ కరకమల స్పర్శచే శ్వేతవస్త్రం ఇంద్రధనుశ్శోభితమై...”

చప్పట్లు పడేకొద్దీ ఊపొచ్చింది. సూర్యుడు వచ్చాడు, సముద్రాలు వచ్చాయి. యజమాని గడియారం చూసుకుని లేచాడు. సైరన్ మోగింది. అందరూ తొట్ల దగ్గరికి వెళ్లిపోయారు.

“ఎవరో చక్రవర్తి పోయాడనుకున్నాను బావగారూ,” అని నవ్వి, వియ్యంకుడు టిఫిన్ డబ్బా అందుకున్నాడు.

“అన్నయ్యగారి మాట చెప్పారా?” ఇంటికి రాగానే భార్య అడిగింది.

“సూర్యుడితో పోల్చాను. దానికి సమయం చాల్లేదు.”

“సూర్యుడికి చాలిందిగా!”

సాయంత్రం దీపం పెట్టి “కరుణాసముద్రా” అని మొదలుపెట్టిన ఆయన మధ్యలోనే ఆగిపోయాడు. నిజంగా సమయం చాలలేదా? ఆ మాట అంటే, వాల్వు ఇచ్చిందెవరని యజమాని అడిగేవాడు. అన్నీ తెలిసిన దేవుడికి ఇన్ని పొగడ్తలెందుకు? వాటి చాటున తానేం దాచుకుంటున్నాడు? “తప్పు నాది స్వామీ,” అన్నాడు. దేవుడితో అంటే సరిపోతుందా అన్నది మాత్రం తేలలేదు.

మరునాడు పని మొదలవకముందే షెడ్డు మధ్య నిలబడ్డాడు.

“ఆ తాను చెడగొట్టింది మా వియ్యంకుడు కాదు. అరిగిన వాల్వు ఇచ్చింది నేను.”

అందరూ మిగతా ఉపన్యాసం కోసం చూశారు. ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

“నిన్న ఆయనుండగా చెప్పాల్సింది కదండీ,” అంది బట్టలు ఆరేసే ఆమె.

“అవునమ్మా,” అని, ఆయన యజమాని గది తలుపు తట్టాడు.