పొగ లేని ఇల్లు

జనవరిలో ముగ్గురు రాజుల పండుగ అయ్యాక ఫాదర్‌గారు ఇల్లిల్లూ తిరిగి ఆశీర్వదిస్తారు. తలుపు మీద సుద్దముక్కతో ఆ ముగ్గురు రాజుల పేర్ల మొదటి అక్షరాలు, ఆ ఏడాది అంకెలు రాస్తారు. మళ్లీ జనవరి వచ్చేదాకా ఆ రాతను ఎవరూ చెరపరు. మా గనిపేటకు సొంతంగా ఫాదర్ లేరు. ఫాదర్ లాడిస్లావ్ మూడు ఊళ్ల చర్చిలు చూసుకుంటారు. మా వంతు ఒక్కరోజు. పొద్దున పూజ ముగించి బయలుదేరితే చీకటి పడేలోగా ఎన్ని ఇళ్లు అయితే అన్ని. తర్వాత మంచు దారిలో కారు నడుపుకుంటూ వెళ్లిపోవాలి.

కిందటి జనవరిలో ఏ ఇంటికి వెళ్లాలో రాసే పని నాకు ఇచ్చారు.

నేను బడికి వెళ్లింది నాలుగేళ్లే. గనిలో దీపాల గదిలో పనిచేసేదాన్ని. దిగేవాళ్లకు దీపం ఇవ్వడం, ఎక్కివచ్చాక తీసుకోవడం. దీపం తిరిగొస్తే మనిషి బతికి పైకి వచ్చినట్టు. మధ్యలో ఖాళీగా ఉండే గంటల్లో దొరికిన ప్రతి కాగితమూ చదివి చదువు నేర్చుకున్నాను. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఇర్మా టీచర్ నన్ను సృష్టి సంరక్షణ సంఘానికి కార్యదర్శిని చేసింది.

రెండేళ్ల కిందట బొగ్గుమసి కలిసి నల్లమంచు పడినప్పుడు ఆ సంఘం పెట్టాం. చర్చి మెట్ల మీద మంచు మసిగుడ్డలా పరుచుకుంది. పిల్లల దగ్గుకు పూజలో పాట వినిపించలేదు. రిటైరైన కెమిస్ట్రీ టీచర్ ఇర్మా లేచి, దేవుడు చేసిన గాలిని పాడుచేయడం పాపసంకీర్తనంలో ఫాదర్‌తో చెప్పుకోవాల్సిన పాపం అంది. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ అది తప్పు అనను.

ఇంకో సంగతి కూడా ఉంది. తొంభైలలో మావాళ్లు కుటుంబాలకు కుటుంబాలు తాతల దేశాలైన జర్మనీకీ పోలండుకీ రైళ్లెక్కారు. నేను స్టేషన్‌కు వెళ్లి సాగనంపని ఇల్లు లేదు. మా అక్కను కూడా సాగనంపాను. రైలు కదిలాక కిటికీ అద్దం మీద ఆమె అరచేయి ఆనించింది. ఆ అరచేయి ఇప్పటికీ నాకు కనబడుతుంది. చర్చిలో బల్లలు ఖాళీ అయ్యాయి. సంఘం పెట్టాక గురువారాలు మళ్లీ ఇరవైమంది చేరి టీ తాగుతున్నారు. ఆ ఇరవైమందీ ఎక్కడ చెదిరిపోతారోనని భయపడి, ఇర్మా టీచర్ ఏమన్నా నేను తల ఊపేదాన్ని.

డిసెంబరు సమావేశంలో ఆమె అంది: "బొగ్గు పొయ్యి మానేసిన ఇళ్లకు ఫాదర్‌గారు ముందు వెళ్తారు. ఆకుపచ్చ సుద్దతో రాస్తారు. మిగతావాళ్లకు టైముంటేనే. ఇలా చేస్తేగానీ మనవాళ్లకు బుద్ధి రాదు."

వెనక బల్ల మీద నుంచి ఒట్టీలియా నోరు విప్పింది. మేమిద్దరం ఒకే బ్యారక్‌లో పుట్టాం, ఫాదర్లు లేని ఆ రోజుల్లో ఒకే ముసలమ్మ చేతి జ్ఞానస్నానం ఇద్దరికీ.

"టీచరమ్మా, మీ ఫ్లాటుకు గొట్టాల్లో వేడి ఎక్కడినుంచి వస్తుంది? పవర్‌స్టేషన్‌లో తగలబెట్టేది బొగ్గా, రొట్టెలా?"

"అది సర్కారు పని ఒట్టీలియా. మనం మన ఇంటి నుంచి మొదలుపెట్టాలి."

"మీ ఇంటి నుంచి కాదులెండి. మా ఇంటి నుంచి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీచర్ నావైపు చూడగానే ఆపేశాను. నాదీ ఫ్లాటే.

సంఘం కరెంటు హీటర్లు కొని పాత ఇళ్లకు పంచింది. ఒట్టీలియా ఇంట్లో పెట్టిన గంటకే ప్లగ్గు కరిగి కంపు కొట్టింది. తీగలు మార్పించుకున్నాక ఇస్తామని హీటరును పక్కవీధికి పట్టుకుపోయారు.

ఫాదర్ వచ్చే ముందురోజు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. కోటు విప్పలేదు.

"ఏమే లోడా, మా ఇల్లు ముందు రాయవే. క్లెమెన్స్ ఇంక ఎన్నో రోజులు ఉండడు."

క్లెమెన్స్ ఆమె భర్త. ముప్పై ఏళ్లు గనిలో దిగినవాడు, ఊపిరితిత్తుల నిండా బొగ్గు. అతని నాన్న, సర్కారు మావాళ్లను ఈ మైదానంలోకి తోలుకొచ్చి పడేసిన రోజుల్లో, బ్యారక్‌లో చనిపోయాడు. అప్పుడు ఫాదర్ అన్నవాడే లేడు. చివరిదాకా తలుపు వైపే చూశాడట. ఆరేళ్ల క్లెమెన్స్ పక్కనే ఉన్నాడు. నేను అలా పోను, పోయేముందు నాకు నూనె రాసి, సత్ప్రసాదం నోట్లో పెట్టేవాడు ఉండాలి అని పెళ్లయిన రోజు నుంచి అంటూనే ఉన్నాడు.

"ఫాదర్‌కు ఫోన్ చెయ్యకపోయావా?"

"చేశాను. రేపు వస్తున్నాను కదమ్మా, మీ సంఘంవాళ్లు అన్నీ చూసుకుంటారు అన్నారు. ఆ సంఘంవాళ్లు నువ్వే కదటే."

"పొగగొట్టం చూడకుండా ఎలా రాయను? టీచర్ అడుగుతుంది. పదింటికి వీధంతా తిరిగి చూస్తాను. అప్పుడు పొగ లేకపోతే రాస్తాను."

"పదింటికి ఆర్పేస్తే చాలా?"

"చాలు."

"పదకొండుకల్లా వస్తారా?"

"వస్తారు," అన్నాను. నాకు తెలియదు. ఆమె అలా నిలబడి ఉంటే చూడలేక అన్నాను.

పోతూ పోతూ గుమ్మంలో అంది: "నీకు పుణ్యం ఉంటుందే."

తెల్లవారి చలి మైనస్ ముప్పైనాలుగు డిగ్రీలు. పదింటికి వాళ్ల కంచె దగ్గరకు వెళ్లాను. గొట్టంలోంచి పొగ లేదు. పొయ్యి అప్పుడే ఆర్పింది కాదు, గొట్టం అంచున మంచు కట్టింది. పొరపాటు జరగకూడదని వేకువనే ఆర్పేసినట్టుంది. కిటికీ అద్దం లోపలివైపు మంచుపువ్వులు పూశాయి. ఒకచోట ఎవరో ఊది, అరచేయంత మేర కరిగించారు. అవతల ఏదో కదిలింది. లోపలికి వెళ్లి, వెలిగించవే, ఏమైతే అదవుతుంది అనాలనుకున్నాను. గ్లవ్ విప్పి పెన్సిల్ తీసి "పొగ లేదు" అని రాశాను. గుండ్రంగా వచ్చింది.

జాబితాలో ఆమెను రెండో ఇల్లుగా పెట్టాను. ఇర్మా టీచర్ చూసి కొట్టేసింది.

"ఇది చివర్లో పెడదాం. బొగ్గుగని మనిషి ఇంట్లోనే బొగ్గు లేదు! ముగింపు ఫోటోకు ఇంతకంటే ఏం కావాలి?"

"క్లెమెన్స్‌కు బాగాలేదు," అన్నాను.

"అయితే చివర్లోనే మంచిది, ఫాదర్ తీరిగ్గా కూర్చుంటారు."

ఇంకొక్క మాట అనవలసింది. ఇరవైమందీ బయట బ్యానరు పట్టుకుని, సంతోషంగా, నోళ్లలోంచి ఆవిర్లు వదులుతూ నిలబడ్డారు. అనలేదు.

పది ఇళ్లు. ప్రతి ఇంట్లో పాట, ఆకుపచ్చ సుద్ద, హీటరు పక్కన ఫోటో. ప్రతి ఇంట్లో బల్ల మీద పెల్మెనీ అనే మాంసం కుడుములు, పాలు పోసిన టీ. ఫాదర్ కుర్రవాడు, కొత్తవాడు, వద్దనలేడు. "ఇంకో రెండు తినండి ఫాదర్, సన్నబడిపోయారు," అని ఆడవాళ్లు వడ్డిస్తూనే ఉన్నారు. నాలుగో ఇంట్లో గోడగడియారం పన్నెండు కొట్టింది. మూడుసార్లు సందు చివరికి వెళ్లి దూరం నుంచి ఒట్టీలియా ఇంటి గొట్టం చూసివచ్చాను. పొగ లేదు. ఏ నిమిషంలో వస్తామోనని ఆమె వెలిగించలేదు. మాట నిలబెట్టుకుంటోంది.

నాలుగింటికి చేరాం. తలుపు గడియ తీసే ఉంది. ఫాదర్ సుద్దతో రాశారు. ఇర్మా టీచర్ ఫోన్ పట్టుకుని ముందు దూరింది.

"ఫాదర్, పొయ్యి ముట్టుకోండి! చెయ్యి పెట్టి చూడండి!"

ఆయన నవ్వుతూ గ్లవ్ తీసి ఇటుకల మీద అరచేయి ఆనించారు. "నిజమే, చల్లగా ఉంది." టీచర్ ఫోటో తీసింది.

ఒట్టీలియా మంచం మీద కూర్చుని ఉంది. క్లెమెన్స్ మీద మూడు దుప్పట్లు, వాటి మీద గొర్రెతోలు కోటు, దాని మీద తన కోటు. అతని పాదాలు ఆమె ఒళ్లో ఉన్నాయి. అతని ముఖం తలుపు వైపు తిరిగి ఉంది.

"ఒంటిగంటకు," అంది.

ఫాదర్ మోకాళ్ల మీద కూర్చుని మెడ దగ్గర వేళ్లు పెట్టారు. చాలాసేపు తీయలేదు. తర్వాత జేబులోంచి తీసిన నూనె సీసాను మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. ఆ నూనె బతికి ఉన్నవాళ్లకు. మృతుల జపం మొదలుపెట్టారు. బ్యానరు పట్టుకున్నవాళ్లు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డారు.

ఒట్టీలియా నాతో మామూలుగానే మాట్లాడింది.

"నువ్వు కంచె దగ్గర నిలబడ్డప్పుడు అద్దం మీద ఊది చూశాడు. దీపాల లోడా వచ్చిందే, లోపలికి పిలువు, చలికి చస్తుంది అన్నాడు. నేనే వద్దన్నాను. రాసుకుంటోంది, కదిలించకు అన్నాను."

ఇర్మా టీచర్ ఏడుస్తూ బొగ్గు బకెట్ అందుకుంది. "వెలిగిస్తాను. నేనే వెలిగిస్తాను. ఎవరైనా అగ్గిపెట్టె ఇవ్వండి."

"దింపండి టీచరమ్మా. చదువుకున్నవాళ్లు, మీకు నేను చెప్పాలా? శవం ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించరు. వాసన వస్తుంది."

టీచర్ బకెట్ దింపింది. చేతులు నల్లగా అయ్యాయి. ఎక్కడా తుడుచుకోలేదు.

"ఎల్లుండి పూడ్చిపెడతాం," అంది ఒట్టీలియా నావైపు తిరిగి. "అప్పటిదాకా మా ఇంట్లో పొగ రాదు. కాగితం నీ దగ్గరే ఉందిగా. రాసుకో."

నేను కదల్లేదు.

"రాసుకోవే."

ఆమె నా చేతివైపే చూస్తోంది. గ్లవ్ విప్పి, పెన్సిల్ తీసి, రాశాను.