కాలవలో బొరుగులు

ఎవరినీ నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలవాడి కొలత నమ్మను, బస్సు టైము నమ్మను, మా కాలవ గేట్లు తిప్పే లస్కర్ చెన్నప్పను అసలే నమ్మను. కణేకల్ అవతల మా ఊరి కాలవ చివర నాకు నాలుగెకరాల వరి ఉంది. పైరు పొట్ట మీదుంది. ఈ వారంలో ఒక్క తడి అందితే గింజ పడుతుంది, లేదంటే పశువుల మేతే. పైన వదిలిన నీళ్ళు నా మడి దాకా వచ్చేసరికి సన్నబడిపోతున్నాయి. గేట్లు చెన్నప్ప చేతిలోనే ఉన్నాయి. ఇక దొంగ కోసం వేరే వెతకాలా? వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయమని అర్జీ రాసి, మొదటి సంతకం నేనే పెట్టాను.

కాస్త పైన, గట్టు మీద, నాకు దానిమ్మ తోట కూడా ఉంది. అది నా కొడుకు వంశీ చూసుకుంటాడు. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయినా మా బోరు మాత్రం మూడేళ్ళుగా పోస్తూనే ఉంది. మంచి చోట వేయించానని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

ఇంజనీరు అర్జీ చూసి చెన్నప్పను తీసేయలేదు. ముందు నీళ్ళ సంగతి తేల్చమని, నీటి నడక మీద పరిశోధన చేసే హేమ అనే అమ్మాయిని పంపాడు. ఆమె చివరి గేటు దగ్గరి వంతెనకు కెమెరా బిగించి, గంటకోసారి కాలవలో బొరుగులు, అదే మరమరాలు, చల్లడం మొదలుపెట్టింది. బొరుగుల బస్తా మోస్తున్నది ఎవరయ్యా అంటే చెన్నప్ప! నా కడుపు మండిపోయింది. ఇద్దరూ కలిసిపోయారనుకున్నాను.

"ఏం పాపా, గంగమ్మకు పలారం పెడతాండావా?"

"నీళ్ళు ఎటు తిరిగితే బొరుగులు అటు తిరుగుతాయి పెద్దాయనా. కెమెరా వాటిని చూస్తుంది" అంది హేమ. కాలవ నీళ్ళు వెయ్యి రకాలుగా మెలికలు తిరుగుతాయట. వీడియోలోంచి కంప్యూటరు ఆ కదలికలను విడదీసి, పెద్దదానితో మొదలుపెట్టి వరసగా పేరుస్తుందట. పైనున్న నాలుగింటితోనే నీటి నడక దాదాపు అంతా తెలిసిపోతుందట.

"మరి మిగిలినవి?"

"చిన్నవి. గాలికో దేనికో వచ్చేవి. పక్కన పడేస్తాం."

పడేస్తారట! చాటలో చెరిగి పారబోసే పొల్లులో ఎన్ని గింజలు పోతాయో మా ఆవిడ సుబ్బరత్నమ్మను అడిగితే చెబుతుంది. ఆ మాట నా బుర్రలో ముల్లులా గుచ్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం హేమ లెక్క తేల్చింది. గేటు దాటి రావలసినన్ని నీళ్ళు వస్తున్నాయి, చెన్నప్ప తప్పేమీ లేదు. సాయంత్రం ఇంజనీరు వచ్చి ఇదే రాసుకుపోతాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఆ పారేసినవి సూపీ. సూసేదాకా నేను ఈడ్నుంచి కదల్ను."

విసుక్కుంటూనే చూపించింది. ఐదు, ఆరు ఏవో గజిబిజిగా ఉన్నాయి. ఏడోదానిలో ఎడమ గట్టు వారగా చిన్న సుడి, ఎప్పుడూ ఒకే చోట.

"గాలి సుడి పెద్దాయనా. కాసేపు ఉంటుంది, కాసేపు పోతుంది."

"ఎన్ని గంటలకుంటాది?"

ఆమె కాగితం చూసుకుంది. "తొమ్మిది నుంచి పన్నెండు. మళ్ళీ రెండు నుంచి ఐదు. మొన్నా నిన్నా అంతే. ఈ రోజూ ఇప్పటిదాకా అంతే."

"అది గాలి గాదు పాపా, త్రీ ఫేస్ కరెంటు!" అని అరిచాను. మా పొలం మోటర్లకు కరెంటు వచ్చే వేళలు సరిగ్గా అవే. అంటే నీళ్ళ అడుగున పైపుంది, దాని వెనక మోటరుంది. నాకు పట్టరాని సంబరం కలిగింది. "దొరికినావు చెన్నప్పా! చెప్పు, ఎవురి మోటరుకు ఇడిసినావు నీళ్ళు?"

చెన్నప్ప బొరుగుల బస్తా కిందకు దించాడు. హేమ వంతెన అంచుకు వెళ్ళి గట్టు వైపు చేయి చూపింది.

"సరిగ్గా ఆ కానుగ చెట్టు దగ్గర. పైన రేకుల షెడ్డుంది కదా, ఆ తోట ఎవరిది?"

అది మా మోటరు షెడ్డు. టైము మూడవుతోంది. ఫోను తీసి వంశీకి చేశాను.

"మోటరు ఆపు."

"ఏం నాయనా, తడి సగం గూడా పడల్యా."

"ఆపమంటాండా గదరా!"

హేమ గుప్పెడు బొరుగులు చల్లింది. కానుగ చెట్టు కింద అవి గిరగిరా తిరిగాయి. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి తిరగడం మానేసి, నెమ్మదిగా నా వరి మడి వైపు సాగిపోయాయి.

మూడేళ్ళుగా తోటకు పోస్తున్నది మా బోరు కాదు, ఈ కాలవే. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో అందరినీ అనుమానించాను గానీ, నా ఇంటివైపు ఒక్కసారీ చూడలేదు.

"నీకు ముందే తెల్సునా చెన్నప్పా?"

"తెల్సన్నా. అర్జీలో మొదటి సంతకమే నీదాయె. ఇంగ నేను యాడ జెప్పుకునేది?" అన్నాడు బస్తా మూతి కడుతూ.

ఇంజనీరు జీపు రాగానే అర్జీ ఇమ్మని అడిగి తీసుకున్నాను. హేమ దగ్గర పెన్ను తీసుకుని చెన్నప్ప పేరు కొట్టేసి, ఆ చోట నా పేరూ మా తోట సర్వే నంబరూ రాశాను. కింద మళ్ళీ సంతకం పెట్టాల్సిన పని లేకపోయింది.