కూత వేయని కుక్కర్

"కూత వేయని కుక్కర్ ఏదైనా ఉందా?" గొంతు తగ్గించి అడిగారు మాస్టారు.

గిన్నెల కొట్టాయన తుడుస్తున్న గుడ్డను భుజాన వేసుకుని ఎగాదిగా చూశాడు. "ఎందుకు లేదు మాస్టారూ. దాన్ని గిన్నె అంటారు."

పక్కన గరిటెలు ఏరుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మాస్టారూ నవ్వబోయారు గాని నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. కాలేజీలో ఏళ్ళ తరబడి ఆవిరి పాఠం చెప్పిన మనిషి ఆయన. మూత బిగిస్తే నీళ్ళు ఎందుకంత వేడెక్కుతాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పేవారు. ఆ బొమ్మ నిజంగా పొయ్యి మీదికెక్కితే మాత్రం ఆ గదిలో ఆయన కాళ్ళు నిలవవు.

కానీ ఇప్పుడు తప్పించుకునే దారి లేదు. వారం కిందట అక్క వచ్చింది. ఆవిడకు పై పళ్ళన్నీ తీసేశారు, చిగుళ్ళు మానితే కొత్తవి పెడతారు. అందాకా మెత్తగా ఉడికిందే తినాలి. నిన్న మాస్టారు మామూలు గిన్నెలో ఉడికీ ఉడకని శనగలు పెడితే ఒకటి గొంతుకు అడ్డం పడింది. వీపు మీద చరిచి చరిచి, అది బయటపడేసరికి అక్క మొహం నీలమైంది. పొద్దున లేవగానే ఆవిడ సంచి సర్దేసింది. "నీ వంట తిని పోవడం కంటే నా ఇంట్లో గంజి తాగి బతుకుతాను రా. రేపు నన్ను బస్సెక్కించు" అంది. ఆవిడ వెళ్ళిపోతే ఆ ఇంట్లో మళ్ళీ తన చెప్పుల చప్పుడు తనే వింటూ తిరగాలి.

"పాతది లేదా ఇంట్లో?" అన్నాడు కొట్టాయన.

"ఉంది. మా ఆవిడ వాడేది."

"మరింకేం, కొత్తదానికి డబ్బు దండగ. రబ్బరూ సేఫ్టీ వాల్వూ మార్చుకోండి చాలు. ఎన్ని కూతలకి దించేవారు?"

మాస్టారు గుర్తు చేసుకోబోయారు. "పెళ్ళయిన కొత్తలో ఒకసారి విన్నట్టు గుర్తు. ఆ తర్వాత మా ఇంట్లో కూత వినలేదయ్యా."

కొట్టాయన మొహంలో నవ్వు పోయింది. "అసలు వినలేదా? అయితే ఆవిరి గొట్టం పూడుకుపోయుంటుంది. అలాంటిదాన్ని పొయ్యెక్కించకండి బాబూ. మూత ఎత్తి వెలుతురు కేసి చూడండి. గొట్టంలోంచి అవతలి వెలుగు కనపడకపోతే దాన్ని నా మొహాన కొట్టి కొత్తది పట్టుకెళ్ళండి."

రబ్బరూ వాల్వూ జేబులో పెట్టుకుని మాస్టారు ఇంటికి నడిచారు. అన్నేళ్ళు, రోజూ, తన భార్య అలాంటిదాని పక్కనే నిలబడి కూరలు తరిగిందా? ఏమీ కాలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నారు.

వంటింట్లో కింది అరలో, గోధుమరంగు పాత దుప్పటి మూటలో ఉంది కుక్కర్. ఆవిడ వేసిన ముడి అది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ విప్పలేదు. విప్పి చూస్తే దుప్పటి నడిమధ్య గుండ్రంగా మాడిన మచ్చ. అంటే ఒకసారి ఏదో జరిగే ఉంటుంది. తనకు చెప్పకుండా దాచి ఉంటుంది.

మూతను కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. గొట్టంలో పూసంత వెలుతురు, గుండ్రంగా, శుభ్రంగా. చీపురు పుల్ల దూర్చితే అడ్డం లేకుండా అవతలికి వచ్చింది. వేడినీళ్ళతో కడిగి, ఎండి బిరుసెక్కిన రబ్బరు తీసి కొత్తది తొడిగారు. వాల్వు మార్చారు. దారి ఇంత బాగా ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు కూయలేదు? పూడుకుపోయి ఉంటే కనీసం కారణం దొరికేది. ఇప్పుడు అదీ లేదు.

"ఏరా పిచ్చుకా!" ముందుగదిలోంచి అక్క కేకేసింది. చిన్న చప్పుడైనా తుర్రుమంటాడని చిన్నప్పుడు పెట్టిన పేరు. "ఇంతసేపు దాన్ని కడుగుతున్నావా, బతిమాలుకుంటున్నావా?"

"రెండూ" అన్నారు మాస్టారు.

నానిన శనగలు సగానికి మించకుండా పోసి, నురగ రాకుండా చుక్క నూనె వేసి, మూత బిగించి, పైన విజిల్ పెట్టి మంట వెలిగించారు. వెంటనే గుమ్మం దాకా వెనక్కి వచ్చేశారు. సరిగ్గా అప్పుడే అక్క వచ్చి పొయ్యి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అక్కా, అక్కడొద్దు. ముందుగదిలో కూచో."

"ఇక్కడ వెచ్చగా ఉంది."

"నా మాట విను."

"పేలితే పేలనీ రా. ఎడం చెయ్యి ఎలాగూ అయిపోయింది, కుడిది కూడా అయితే జత కుదురుతుంది."

ఆ ఎడం చేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం సాగదీసిన రబ్బరులా మెరుస్తుంది. చిన్నప్పుడు అమ్మ కుక్కర్ పెద్దగా కూత పెట్టి, ఆ వెంటనే మూత ఎగిరిపోయినప్పటిది. తమ్ముణ్ణి వెనక్కి తోసింది ఆవిడే. బంగాళాదుంప ముక్కొకటి ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా పైకప్పుకు అంటుకునే ఉందని ఆవిడ ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆయనకు గుర్తున్నది ఆ కూత ఒక్కటే.

మూత అంచున బుస మొదలైంది. కాసేపటికి అదీ ఆగింది. లోపల ఏదో బిగుసుకుంటోంది. అక్క మెరిసే చెయ్యి పొయ్యికి జానెడు దూరంలో ఉంది. విజిల్ ఒకసారి కదిలింది. మళ్ళీ కదిలి, వణకసాగింది.

మాస్టారు ఎలా కదిలారో ఆయనకే తెలియదు. ఒక్క ఉదుటున వెళ్ళి మంట ఆపేశారు. గట్టు మీదున్న దుప్పటి లాగి కుక్కర్ మీద కప్పేశారు. అక్కకూ పొయ్యికీ మధ్య చేతులు చాచి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డారు.

ఏమీ కాలేదు. దుప్పటి కింద బుస సన్నబడి, సన్నబడి ఆగిపోయింది.

కళ్ళు తెరిచేసరికి అక్క ఆయన్నే చూస్తోంది. ఎగతాళి చేయలేదు.

"ఈ దుప్పటి సంగతి నీకెవరు చెప్పార్రా?"

"ఏ సంగతి?"

"కొత్తలో మరదలు నన్ను అడిగింది. 'వదినా, కుక్కర్ కూయగానే ఆయన తింటున్న కంచం వదిలేసి వీధిలోకి పోయారు, చీకటి పడేదాకా రాలేదు, ఏమిటిది' అని. నేను నా చెయ్యి చూపించి చెప్పాను. అప్పట్నించీ విజిల్ వణికితే చాలు, మంట ఆపేసి దీన్లో చుట్టేసేది. మిగతాది ఆ వేడికే ఉడుకుతుంది. ఆలస్యమవుతుంది, అంతే."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెబితే ఆ మూటకేసి చూస్తూ అన్నం మానేస్తావంది."

"మరి నువ్వైనా పొద్దున చెప్పొచ్చుగా?"

"నువ్వు కుక్కర్ ముట్టుకుంటావని నేను కలగన్నానా?" అంది అక్క. "అలా పైన కప్పితే లాభం లేదు. కింద పరిచి, ఆ మచ్చ మీద పెట్టు."

గుడ్డలతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గట్టు మీద పరిచిన దుప్పటిలో దించారు. కుక్కర్ అడుగు ఆ మాడిన మచ్చ మీద అంచుకు అంచు సరిపోయింది. నాలుగు కొసలూ తెచ్చి ముడి వేశారు. ఆవిడ వేసినంత బాగా రాలేదు.

చాలాసేపు ఆగాక మూట విప్పారు. ఫోర్కుతో విజిల్‌ను తాకి చూశారు. చప్పుడు లేదు. అయినా మొహం పక్కకు తిప్పుకునే మూత తీశారు. ఒక శనగను రెండు వేళ్ళ మధ్య పెడితే, నొక్కకముందే వెన్నలా జారిపోయింది.

అక్క చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చిగుళ్ళతో మెల్లగా నలిపింది. మాస్టారు ఆవిడ గొంతునే చూస్తూ నిలబడ్డారు. అది సాఫీగా దిగింది.

"ఉప్పు వెయ్యలేదు" అంది.

"వేస్తాను."

"ఆ సంచిలో అడుగున నా దువ్వెనుంది. తెచ్చి అద్దం దగ్గర పెట్టు. రేపటికి బఠాణీలు నానబొయ్యి."

దువ్వెన తెచ్చి పెట్టి, మాస్టారు మూత కడగడానికి కూర్చున్నారు. రబ్బరు తీసి తుడిచి మేకుకు తగిలించారు. గొట్టంలోకి గట్టిగా ఊది, కిటికీ కేసి ఎత్తి చూశారు. పూసంత వెలుతురు కనిపించింది. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది గనుక ఆ వెలుతురు కూడా వణికింది.