చిక్కుడు గింజల పరీక్ష

ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన అత్తగారంటే వీధిలో అందరికీ గురి. ఆవిడా, ఆవిడ మాట మీద ఇంకో నాలుగిళ్లవాళ్లూ డెయిరీ నుంచి పశువుల ఎరువు తెచ్చి పెరట్లో వేసుకున్నారు. మూడు వారాలు తిరక్కుండానే అందరి టమాటా మొక్కలకూ చివుళ్లు మెలితిరిగి, ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి.

కోడలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తమ పెరట్లో నీళ్లు పోసేది తనే కాబట్టి తప్పంతా తన నెత్తినే పడుతుందని బిక్కుబిక్కుమంటూ తిరిగింది. అత్తగారు మాత్రం మొక్కల మధ్య చతికిలబడి చాలాసేపు చూసింది. గోడవారన ఎరువు వేయని మడి ఒక్కటే నవనవలాడుతోంది.

మర్నాడు ఆరు కుండీలు పెట్టించింది. మూడింట్లో ఎరువు కలిపిన మట్టి, మూడింట్లో ఉత్త మట్టి, అన్నింట్లోనూ చిక్కుడు గింజలు. నీళ్లు కోడలి చేతే గ్లాసుతో కొలిచి పోయించి, రోజూ పొద్దున్నే పేషెంటు చార్టు రాసినట్టు కాగితం మీద రాసుకుంది. మూడో వారానికి ఉత్త మట్టిలోవి నిటారుగా ఎదిగాయి. ఎరువులోవి మెడలు వంకర తిప్పుకున్నాయి.

ఇద్దరూ డెయిరీకి వెళ్లారు. డెయిరీ ఆయన మొదట మొహం మాడ్చుకున్నా, ఆవిడ నిష్ఠూరమాడకుండా మేత గురించి అడిగేసరికి మెత్తబడ్డాడు. ఎండుగడ్డి బయట కొన్నాడట. గడ్డి అమ్మినాయనకు అక్కడే ఫోన్ చేసి కనుక్కుంటే ఆ పొలంలో కలుపు మందు కొట్టారని తేలింది.

"ఆవు కడుపులో పడ్డాక కూడా అరగదా అమ్మా?" అన్నాడు డెయిరీ ఆయన.

"కొన్ని మందులు అరగవు నాయనా. పేడతో పాటు మట్టిలోకి దిగి నెలల తరబడి ఉండిపోతాయి. గడ్డిజాతిని ఏమీ చెయ్యవు. టమాటా, చిక్కుడు లాంటివాటినే దెబ్బతీస్తాయి."

దారిలో కోడలు, తప్పు డెయిరీదేనని వీధిలో చెప్పేస్తే పోతుంది కదా అంది.

"వాళ్లు వేసింది నన్ను నమ్మే తల్లీ. ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి."

ఆ సాయంత్రమే నాలుగు గుమ్మాలూ ఎక్కింది. చూసుకోకుండా సలహా ఇచ్చానని ఒప్పుకుంది. పాడైన మొక్కల్ని కంపోస్టు గుంటలో వేయొద్దనీ, ఆ మడుల్లో ఈ ఏడు గడ్డిజాతిదైన మొక్కజొన్న పెట్టుకోమనీ చెప్పింది. వాళ్లలో గడియారాలు బాగుచేసే ఆయన బాగా సణిగాడు. ఆవిడ పార అందుకుని ఆయన పెరట్లో మొక్కలు పెళ్లగించడం మొదలుపెట్టింది. అత్తగారి వెనకే నిలబడ్డ కోడలు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని తనూ గంప అందుకుంది.

ఇప్పుడు డెయిరీ ఆయన ప్రతి లోడులోంచీ గుప్పెడు తీసి, చిక్కుడు మొలిపించి చూశాకే ఎరువు అమ్ముతున్నాడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ సంగతి కదిపితే చాలు, కోడలు చేతిలో కత్తెర పక్కన పెట్టి మరీ అత్తగారి గురించి చెబుతుంది.