ఆరు చుట్ల తీగ

నా దగ్గర పద్నాలుగు వేప్‌లున్నాయి, సిగరెట్టుకి బదులు ఆవిరి పీల్చే యంత్రాలు. మా ఆవిడ హైకె మాత్రం పదిహేనంటుంది, బాత్రూం అలమరలో తువ్వాళ్ళ వెనక దాచినదాన్ని కూడా కలిపి. సిగరెట్ల కొట్లలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ పుల్లలు కావవి. ఒక్కొక్కటీ స్టీలు దిమ్మెను లేతు మిషను మీద కోసి, నున్నగా తీర్చి, అడుగున నంబరు చెక్కినది. వందో నూట యాభయ్యో చేసి ఆపేస్తారు. అలాంటిది కొన్న మనిషికి ఇక స్థిమితం ఉండదు. గాజు గొట్టం పగిలితే? బియ్యపుగింజలో సగం లేని ఆ మర ఎక్కడైనా జారిపోతే? అందుకని ప్రతిదానికీ రెండేసి గాజు గొట్టాలు, గుప్పెడు రబ్బరు రింగులు, మరలు కొని, మా అత్తగారి పాత మాత్రల డబ్బాల్లో వారాలవారీగా సర్దుకున్నాను. సోమవారం గడిలో మరలు, మంగళవారం గడిలో రింగులు. ఒకసారి అత్తగారు మంగళవారం మాత్ర అనుకుని ఒక రింగు... పోనివ్వండి, ఆవిడ బాగానే ఉంది.

ఆదివారం పదకొండింటికి జర్మనీలోని మా ఊరు ఫెల్బెర్ట్‌లో ‘నల్ల సమ్మెట’ పబ్బు వెనక గదిలో మాలాంటివాళ్ళం కలుస్తాం. ఒకప్పుడు పన్నెండు మందిమి. కుర్రాళ్ళంతా వాడి పారేసే రకానికి మళ్ళారు. ఇప్పుడు మిగిలింది నలుగురం: నేను, తాళాల ఫ్యాక్టరీలో నాతోపాటు పనిచేసి రిటైరైన గెర్నోట్, బస్సు డ్రైవరు డెట్లెఫ్, మా అందరి మీదా పెత్తనం చేసే రోస్విటా.

మా యంత్రాల్లో రెడీమేడ్ కాయిల్ ఉండదు. దారమంత సన్నటి తీగను చిన్న కడ్డీ మీద ఆరు చుట్లు చుట్టి, రెండు మరల కింద బిగించి, మధ్యలోంచి దూది దూర్చాలి. దూది నికోటిన్ కలిపిన లిక్విడ్‌ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కుతుంది, ఆవిరి వస్తుంది. ఉన్నదంతా ఇంతే, మా అహంకారాలన్నీ కూడా ఈ ఇంతలోనే ఉన్నాయి. ఎవరి తీగ వాళ్ళే చుట్టుకోవాలి. ఇంకొకరి చేత చుట్టించుకోవడమంటే బూటు లేసులు కట్టించుకున్నంత నామోషీ.

రోస్విటాకి డెబ్భై మూడేళ్ళు. వుప్పర్టాల్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు మోటార్ వైండింగ్ చేసింది. రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేది. ఊపిరితిత్తుల ఫొటో చూసిన డాక్టరు ఇంకో ఏడాది ఇలాగే సాగితే ఆక్సిజన్ సిలిండరు వెంట లాక్కుంటూ తిరగాలమ్మా అంటే, మర్నాడే మానేసి ఈ వేప్ పట్టుకుంది. తొమ్మిదేళ్ళయింది. ఆవిడ దగ్గరున్నది ఒక్కటే యంత్రం, ఏడో నంబరుది. చేసినాయన లేతు అమ్మేసి చేపలు పట్టుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ చుట్టిన తీగ చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య వెలుగు కూడా దూరదు.

నా తీగ చూసి మాత్రం ప్రతి ఆదివారం ఒకటే మాట.

“ఏం అబ్బాయ్, నూడుల్స్ ఉడకబెట్టావా?”

అరవై ఒక్కేళ్ళ నన్ను అబ్బాయ్ అనేది ఈ భూమ్మీద ఆవిడొక్కతే. నాకు అది ఇష్టం.

పోయిన అక్టోబరులో ఆవిడ ధోరణి మారింది. “గెర్నోట్, నీకు మర బిగించడం ఎప్పటికొస్తుందయ్యా? ఇదిగో, నా దాంట్లో చుట్టి చూపించు, తప్పులు పడతాను” అంది. తర్వాతి వారం అదే పరీక్ష డెట్లెఫ్‌కి, ఆపై వారం నాకు. మేం మురిసిపోయాం. పంతులమ్మ మమ్మల్ని మనుషుల్లో జమకట్టిందనుకున్నాం. ఆవిడ చేతులు మాత్రం ఎప్పుడూ టేబుల్ కిందే ఉండేవి. కాఫీ వద్దనేది, చల్లారిపోయిందనేది.

నవంబరు చివర్లో ఆవిడ కోటు తొడుక్కోవడానికి సాయం పట్టాను. కాలర్‌లోంచి సిగరెట్టు వాసన గుప్పుమంది.

“బస్టాపులో ఎవడో వెధవ పక్కనే నిలబడి ఊదాడు” అంది, నేను అడక్కుండానే.

కోటు బొత్తాం కోసం ఆవిడ వేళ్ళు మూడుసార్లు తడుముకున్నాయి, నాలుగోసారికి వదిలేసి మఫ్లరు చుట్టేసుకుంది. అప్పుడు నా మట్టిబుర్రకి వెలిగింది. తీగ చుట్టలేకపోతోంది. తీగ లేకపోతే వేప్ లేదు. వేప్ లేకపోతే పాత సిగరెట్టు ఉండనే ఉంది, దానికి వెలిగించడం తప్ప ఏ పనితనమూ అక్కర్లేదు. ఇంటికి నడుస్తూంటే నాకు భయం వేసింది. ఈ వయసులో నన్ను తిట్టేవాళ్ళు ఎంతమంది మిగిలారు గనక.

నేను అన్నిటికీ కొనుక్కోవడమే మందనుకునే రకం. రెడీమేడ్ కాయిల్స్‌తో పనిచేసేది, ఇంగ్లండులో చేసింది, తోలు తొడుగుతో సహా మంచి ఖరీదైనది తెప్పించాను. ఏడాదికి సరిపడా విడి కాయిల్స్ కూడా ఒక డబ్బాలో సర్ది, పైన రిబ్బను కట్టి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

మూత తీసి చూసింది.

“ఏంటిది?”

“తీగ చుట్టే బాధ లేదు. కాయిల్ నొక్కితే కూర్చుంటుంది. నీకు సుఖంగా ఉంటుందని...”

“నాకు సుఖం తక్కువైందని నీకెవడు చెప్పాడు?”

“అదికాదు రోస్విటా, నీ చేతులు...”

“నా చేతులకేమొచ్చింది? నువ్వు ఇంకా లాగూ తొడుక్కుని తిరిగేటప్పటికే ఈ చేతులు క్రేన్ మోటార్లకి తీగ చుట్టాయి. తీసుకుపో నీ ప్లాస్టిక్ పీక! ఆ తోలు సంచీ కూడా తీసుకుపో, నీ బుర్రకి తొడుక్కో!”

తలుపు నా ముక్కు మీద పడింది. రిబ్బను లోపలే ఉండిపోయింది. దాన్ని తలుపు కిందనుంచి బయటికి తోసింది.

ఇంటికొచ్చి హైకెకి చెబితే జాలి పడకపోగా నవ్వింది.

“సాయం చేస్తానంటూ వెళితే తన్నదూ? నీకు చెయ్యి తిరగలేదని ఊరంతా ఎరుగుదురు. నేర్పించమని కాళ్ళావేళ్ళా పడు. నీ తీగలు దేంట్లోనో ఒకదాంట్లో పెట్టి చూడాలిగా.”

ముప్పై నాలుగేళ్ళుగా ఈ మనిషితో కాపురం చేస్తున్నాను. ఇంత తెలివి ఉండీ నన్నెందుకు చేసుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాతి మంగళవారం ఉత్త చేతులతో వెళ్ళాను. నా తీగ చూసి అందరూ నవ్వుతున్నారనీ, చచ్చేలోపు ఒక్కటైనా సరిగ్గా చుట్టాలనుందనీ మొర పెట్టుకున్నాను. గుమ్మంలో నిలబెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“బూట్లు విప్పి రా” అంది చివరికి.

వంటింటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది. చేతులు ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

“లాగు. ఇంకా లాగు. తీగని బుజ్జగిస్తావేం, అది నీ మనవరాలా?”

“తెగిపోతుంది!”

“తెగితే ఇంకో ముక్క తీసుకో. విప్పు. మళ్ళీ చుట్టు.”

ఆ మధ్యాహ్నం ఏడు చుట్టాను, ఏడూ విప్పించింది. ఎనిమిదోదాన్ని చూసి పెదవి విరిచింది. “పారెయ్యడం దేనికి, నా దాంట్లో బిగించు. ఎంత అన్యాయంగా ఉందో నేనే తాగి చెబుతాను” అంది. బిగించాను, దూది పెట్టాను, లిక్విడ్ పోశాను. కళ్ళు మూసుకుని లాగింది. తెల్లటి ఆవిరి కిటికీ దాకా పాకింది. ఆవిడ భుజాలు రెండు అంగుళాలు కిందికి దిగాయి.

“కాలిన పరుపులా ఉంది” అని, మళ్ళీ లాగింది.

అలా ప్రతి మంగళవారం వెళ్ళాను. క్రిస్మస్ వెళ్ళింది, జనవరి వెళ్ళింది. కోటులో సిగరెట్టు వాసన లేదు. నేను సాయం చేస్తున్నట్టు ఆవిడకి తెలీదనీ, ఇదంతా నా ఒక్కడి ఘనతేననీ లోపల్లోపల పొంగిపోయాను. ఆదివారాలు గెర్నోట్‌నీ డెట్లెఫ్‌నీ చూస్తూంటే పాపం, వీళ్ళకి కళ్ళుండీ ఏమీ కనబడదనుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పన్ను పీకించుకుని పడుకున్నాను. శుక్రవారం వెళ్ళాను. ఎప్పటిలా ఏడో నంబరు మూత విప్పి, పాత తీగ పీకేద్దామని మర మీద స్క్రూడ్రైవర్ పెట్టి ఆగిపోయాను. పోయిన వారం నేను పెట్టిన దూది గోధుమరంగుకి తిరిగి ఉండాలి. ఇది మల్లెపువ్వులా ఉంది. తీగ కూడా నాది కాదు, ఎడమవైపుకి తిరిగి ఉంది. మా నలుగురిలో ఎడమచేతివాడు గెర్నోట్ ఒక్కడే.

“గెర్నోట్ వచ్చాడా?”

“నిన్న” అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ. “గురువారాలు వస్తాడు. మర బిగించడం రాలేదట, నేర్పాలట.”

“డెట్లెఫ్?”

“శనివారం డ్యూటీ దిగి వస్తాడు. వాడు చుడితే నీదే నయం.”

“అంటే వారానికి మూడుసార్లు దూది మారుస్తున్నావా?” నోరు వెళ్ళబెట్టాను. మూడో రోజుకి గాని దూదికి రుచి రాదు, అంతదాకా తడి గుడ్డని నమిలినట్టుంటుందని మాకు తొమ్మిదేళ్ళుగా పాఠం చెప్పిందే ఈవిడ. “అక్కర్లేదని చెప్పకపోయావా?”

“ఏమని చెప్పను? ముగ్గురికి ముగ్గురూ ఒకటే అబద్ధం పట్టుకుని గుమ్మంలో నిలబడితిరి. అబద్ధమాడటం కూడా చేతకాదు మీకు. ఒకణ్ణి రమ్మని ఒకణ్ణి పొమ్మంటే ఆ పోయినవాడు ఏమనుకుంటాడు? అందుకని మూడు నెలల్నుంచీ పచ్చి దూది తాగుతున్నాను. ఇంత దరిద్రపు ఆవిరి జన్మలో తాగలేదు.”

నేను నవ్వబోయాను, ఆవిడ మొహం చూసి ఆగాను.

“పదకొండు సిగరెట్లు కాల్చాను, అబ్బాయ్” అంది. “అక్టోబరులో, నవంబరులో. వెనక బాల్కనీలో, దొంగలాగ. అన్నం తినడానికి వణికితే నాకంత బాధ లేదు. తీగ చుట్టలేకపోయానే, దానికి ఏడ్చాను. అది కూడా రాకపోతే ఇంక నేనెవర్ని? నువ్వు ఆ ఇంగ్లీషు డబ్బా తెచ్చిన రోజు నిన్ను చంపేద్దామనుకున్నాను.”

“తెలుసు.”

“గెర్నోట్‌గాడి తీగ ఎలా ఉంది?”

“బాగుంది” అని నిజమే ఒప్పుకున్నాను. స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను. నాది పెట్టాలని చెయ్యి లాగుతూనే ఉంది, అయినా మూత బిగించి ఆవిడ ముందుకి జరిపాను. “ఇవాళ వద్దులే. రెండ్రోజులాగు, రుచికొస్తుంది.”

“మరి నువ్వెందుకొచ్చినట్టు?”

“కాఫీకి.”

ఏప్రన్ జేబుల్లోంచి చేతులు తీసింది. తెచ్చిన కప్పు సాసరు మీద టకటకా కొట్టుకుంటూనే వచ్చింది, సగం కాఫీ సాసర్లోకి పోయింది. ఆవిడ దాచలేదు, నేను వేరేవైపు చూడలేదు.

ఆ ఆదివారం ‘నల్ల సమ్మెట’లో వేడి చెర్రీలు వేసిన వాఫెల్ అట్లు వచ్చాయి. అవి బల్ల మీద పెట్టకముందే రోస్విటా ఏడో నంబరుని మధ్యలో నిలబెట్టింది. దాని పక్కన రెండు చేతులూ పరిచింది.

“ఇవి నా మాట వినడం లేదు. మీ ముగ్గురికీ తెలుసు, తెలీనట్టు నటించి నన్ను చంపారు. ఇకమీదట దూది వారానికి ఒక్కసారే. ఎవరు చుడతారో మీరే తేల్చుకోండి. మిగతా ఇద్దరూ ఊరికే రండి, కేకు పట్టుకుని రండి.”

గెర్నోట్ డెట్లెఫ్ వైపు చూశాడు, డెట్లెఫ్ నా వైపు చూశాడు. తర్వాత ముగ్గురం ఒక్కసారే మొదలుపెట్టాం.

“నేనే చుడతాను, నాది కుదురుగా ఉంటుంది.”

“ఎడమచేత్తోనా? మర ఎదురు తిరిగి వదులైపోదూ?”

“నువ్వు మాట్లాడకు, నీది కాలిన పరుపట!”

“నాకేగా ముందు నేర్పింది!”

మధ్యాహ్నం దాకా తగువు తెగలేదు. గెర్నోట్ ఏకంగా బల్ల గుద్దాడు. పబ్బు యజమానురాలు రెండుసార్లు తొంగి చూసి వెళ్ళింది. రోస్విటా మాత్రం మమ్మల్ని పట్టించుకోలేదు. వణికే చేత్తో, మా అందరి ఎదుటా, సగం చెర్రీలు బల్ల మీద రాల్చుకుంటూ తన వాఫెల్ తాను తింటోంది.